అనంతపురంలో బాడుగ పెంపు: ముఖం చెడకుండా ఓనర్‌తో ఎట్లా మాట్లాడాలి?

టైల్స్ సేల్స్, అనంతపురం:
అన్నలూ, అక్కలూ, ఒక సలహా కావాలి. రామ్‌నగర్‌లో రెండో అంతస్తులో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ మాది. బాడుగ 9,500, మెయింటెనెన్స్ 1,000 వేరే. అడ్వాన్స్ 30,000 ఇచ్చాం. పదకొండు నెలల అగ్రిమెంటు జూన్ 30తో అయిపోతుంది. మొన్న ఓనర్ ఫోన్ చేసి, "రాసుకున్నట్టే పది శాతం, జూలై నుంచి 10,450" అన్నాడు. రాసుకున్న మాట నిజమే, కింద సంతకం నాదే.

నేను టైల్స్, గ్రానైట్ అమ్మే షాపులో పని చేస్తాను. ఇల్లు మొదలుపెట్టినవాళ్లు శ్లాబ్ వేసి ఆపేస్తున్నారు. ఫ్లోరింగ్ దాకా వస్తేనే కదా మాకు గిరాకీ! సంక్రాంతి నుంచి ఇన్సెంటివ్ లేదు. జీతం కూడా రెండు విడతలు: సగం ఐదో తారీకు, మిగతా సగం ఇరవై దాటాక. అయినా బాడుగ ఒక్క నెల కూడా ఆపలేదు.

వేరే ఇల్లు చూసుకోవచ్చు కదా అంటారేమో. నా భార్య ఇంట్లో జాకెట్లు కుడుతుంది, ఆమె గిరాకీ అంతా ఈ వీధి, పక్క వీధే. ఇల్లు మారితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఈ సంగతి ఓనర్‌కూ తెలుసు, ఆయన భార్య జాకెట్లు కుట్టేది కూడా మా ఆవిడే. మాకు కదలడం కష్టమని ఆయనకు అర్థమైపోయింది, అదే నా టెన్షన్. ఇంకోవైపు మా అపార్ట్‌మెంట్‌లోనే రెండు ఫ్లాట్లకు ఉగాది నుంచి టులెట్ బోర్డు వేలాడుతోంది. ఆ మాట ఎత్తొచ్చా? ఆయన రిటైరైన టీచరు, మర్యాదస్తుడు.

మూడు పోర్షన్లు, కర్నూలు:
నేను ఓనర్ల వైపు మనిషిని తమ్ముడూ. సీ క్యాంపు దగ్గర మూడు పోర్షన్లు బాడుగకు ఇచ్చాను. షాపు సంగతి, జీతం సంగతి చెప్తే ఆయన అయ్యో అంటాడు, అంతటితో సరి. లెక్క చెప్పు. నెలకు 950 చొప్పున పదకొండు నెలల్లో ఆయనకు ఎక్కువ వచ్చేది 10,450. నువ్వు పోయి ఫ్లాట్ ఒక్క నెల ఖాళీగా ఉంటే పోయే బాడుగ 9,500, ఆ నెల మెయింటెనెన్స్ 1,000 ఆయన జేబులోంచే. అక్కడికే 10,500 అయింది. పెయింటింగ్, బ్రోకర్ ఖర్చు నేనింకా కలపలేదు.

ఆ ఒక్క నెలతో పోతుందనుకోవద్దు. జూన్ చివరకు బళ్లు తెరిచేసి ఉంటారు, పిల్లలున్నవాళ్లు ఇక కదలరు. వెంటనే ఆషాఢం. పాలు పొంగించుకుని చేరేవాళ్లు శ్రావణం దాకా ఆగుతారు. పోయినేడు నా పోర్షన్ ఒకటి సరిగ్గా ఇట్లే ఇరుక్కుంది. ఆషాఢం పట్టింపు లేనివాళ్లు వస్తారు గానీ, మనకు వేరే దారి లేదని వాళ్లకు తెలుసు, ఇంకా తగ్గించి అడుగుతారు. జూన్ మొదట్లోనే పోయి మాట్లాడు. టులెట్ బోర్డుల మాట మాత్రం ఎత్తొద్దు, బెదిరించినట్టు ఉంటుంది.

కోర్టు గుమాస్తా, కడప:
పై ఆయన లెక్క బాగుంది, చివరి మాట ఒప్పుకోను. ఆ బోర్డుల మీదున్న నంబర్లకు ఫోన్ చేసి ఎంత చెప్తున్నారో కనుక్కోండి. 9,000 అంటే ఆ అంకె ఒక్కటి మెల్లగా అనండి చాలు.

అగ్రిమెంటు మళ్లీ ఒకసారి చదవండి. పది శాతం అనేది "రెన్యువల్ చేసుకుంటే" అని ఉందా, ఊరికే ఉందా? రెన్యువల్‌కు అని ఉంటే అది కొత్త కాగితం రాసుకునేటప్పటి మాట, ఇద్దరూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చు. ఏమీ రాసుకోకుండా వదిలేద్దాం అనుకోవద్దు. గడువు అయ్యాక మీరు బాడుగ కట్టి ఆయన తీసుకుంటూ ఉంటే, వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 116 కింద అది నెలవారీ బాడుగ అవుతుంది. అట్లాంటిదాన్ని ముగించడానికి సెక్షన్ 106 ప్రకారం 15 రోజుల నోటీసు చాలు. ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకున్నవాళ్లకు 15 రోజులు ఏ మూలకు?

ధర్మవరం కోడలు:
మీరెందుకు మాట్లాడతారు? మీ ఆవిడను ఆ టీచరమ్మగారితో మాట్లాడమనండి. ఆషాఢం పోతే శ్రావణం, పెళ్లిళ్లు, వ్రతాలు. జాకెట్ల కోసం ఆమె ఏ ఊరికి పోతుంది?

టైల్స్ సేల్స్, అనంతపురం:
అక్కా, ఆ దారిలో పోతే ఆమె కుట్టుకూలి తగ్గించమంటుంది, బాడుగలో మిగిలింది జాకెట్లలో పోతుంది. నేనే పోయి వచ్చాను.

పక్క ఫ్లాట్లలో ఒకటి 9,000 చెప్పారు, ఇంకోదానివాళ్లు ఫోన్ ఎత్తలేదు. సార్‌తో కష్టాలేవీ చెప్పలేదు. డిసెంబరు దాకా 9,500 ఉంచండి, జనవరి నుంచి 10,000 ఇస్తాను, కాగితం ఇప్పుడే రాసుకుందాం అన్నాను. ఆషాఢం లెక్క చెప్పబోతే ఆయనే నవ్వి, "నాకు పంచాంగం చెప్తావా" అన్నాడు. కాసేపు పక్క ఫ్లాట్ సంగతి అడిగి సరే అన్నాడు. అంతలోనే, "బాత్‌రూమ్‌లో ఫ్లోర్ టైల్స్ పగిలాయి కదా, మీ షాపు నుంచి తక్కువకు తెప్పించు, వేయించు, తర్వాత చూసుకుందాం" అన్నాడు. స్టాక్‌లో మిగిలిన యాంటీ స్కిడ్ టైల్స్ ఉన్నాయి, రేటు సంగతి ఓకే. మేస్త్రి కూలి కూడా నేనే పెట్టాలా?

మూడు పోర్షన్లు, కర్నూలు:
"తర్వాత చూసుకుందాం" అంటే చూసుకోరని అర్థం. నేనూ ఓనర్‌నే, చెప్తున్నాను కదా.

కోర్టు గుమాస్తా, కడప:
టైల్స్ బిల్లు, మేస్త్రి కూలి రెండూ బాడుగలో ఏయే నెల ఎంతెంత మినహాయించుకోవాలో కొత్త అగ్రిమెంటులోనే రాయించుకోండి. అడ్వాన్స్ 30,000 పాతదే కొనసాగుతుందని కూడా ఒక లైన్ వేయించండి. సంతకాలయ్యాకే పాత టైల్స్ పగలగొట్టించండి.