బ్యాంకు కార్డుపై లాంజ్ ప్రవేశం: షరతులు సమంజసమేనా?

శంషాబాద్ ప్రయాణికుడు:
కార్డు చూపి విమానాశ్రయ లాంజ్‌లోకి, అంటే వేచి ఉండేవారికి కుర్చీలు, తిండి ఉండే ప్రత్యేక గదిలోకి, వెళ్లే సదుపాయానికి బ్యాంకులు ఒక్కొక్కటిగా షరతులు పెడుతున్నాయి. హెచ్‌డీఎఫ్‌సీ తన రెగాలియా కార్డుపై మూడు నెలలకు లక్ష రూపాయలు ఖర్చు చేయాలని 2023 డిసెంబరు నుంచి నిబంధన పెట్టింది. ఐసీఐసీఐ తన అనేక కార్డులకు అంతకుముందు త్రైమాసికంలో 35,000 రూపాయల ఖర్చు తప్పనిసరి అని 2024 ఏప్రిల్‌లో నిబంధన తెచ్చింది. నేను దీన్ని సమర్థిస్తున్నాను. కార్డు గీకినప్పుడు మన ఖాతాలోంచి పోయేది రెండు రూపాయలే కావచ్చు గానీ, లోపలికి వెళ్లిన ప్రతి మనిషికీ బ్యాంకు విడిగా సొమ్ము కడుతుంది. మనిషికింత అని ఆదాయం వచ్చే చోట వీలైనంతవరకు ఎవరినీ వెనక్కి పంపరు కాబట్టే, తెల్లవారుజాము విమానాల వేళ పెద్ద విమానాశ్రయాల్లో లాంజ్ తలుపు బయట వరుస కనిపిస్తుంది. లోపలికి వెళ్లినా ఇడ్లీ పళ్లెం పట్టుకుని ఖాళీ కుర్చీ కోసం తిరగవలసి వస్తుంది. ప్రశాంతత కోసం ఏర్పడిన గదిలో అదే కరువైతే ఇక ఆ గది ఎందుకు?

విశాఖ ఉద్యోగిని:
రద్దీ తగ్గుతుందన్నది నిజమే. అయితే తగ్గేది ఎవరో కూడా చూడండి. నెలకు నాలుగుసార్లు కంపెనీ పని మీద తిరిగేవారికి లక్ష రూపాయల ఖర్చు పెద్ద షరతు కాదు. ఏడాదికి ఒకసారి తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వెళ్లే చిన్న జీతగాళ్లే బయట మిగిలిపోతారు. మా అమ్మకు మధుమేహం. వేళకు వేడి భోజనం, దగ్గరలో శుభ్రమైన మరుగుదొడ్డి, కాళ్లు చాపుకునే కుర్చీ ఆమెకు అవసరాలే తప్ప విలాసాలు కావు.

సింగపూర్ తెలుగువాడు:
మీ ఇద్దరి వాదనలోనూ న్యాయం ఉంది. కానీ అమ్మగారికి కావలసిన ఆ మూడింటిలో ఏ ఒక్కటీ లాంజ్ గోడల వెనుకే ఎందుకు ఉండాలన్నది నా ప్రశ్న. ఇక్కడి చాంగీ విమానాశ్రయంలో ఒరిగి నిద్రపోయేందుకు కుర్చీలున్న విశ్రాంతి స్థలాలు, ఉచిత సినిమా హాళ్లు ప్రయాణికులందరికీ అందుబాటులో ఉంటాయి. అందుచేత లాంజ్ లేకపోయినా నిరీక్షణ భారంగా ఉండదు. మన దేశంలో బయటి హాలులో కాఫీ, ఇడ్లీ ధరలు చూసి బెదిరినవారే లాంజ్ వరుసలో నిలబడుతున్నారు. ఆకలి, ధర రెండూ కలిసి వారిని అటు నెడుతున్నాయి.

ఈ విషయంలో కొంత మంచి మొదలైంది. శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారు పౌర విమానయాన మంత్రిగా ఉండగా, 2024 డిసెంబరులో కోల్‌కతా విమానాశ్రయంలో చవక ధరల ఉడాన్ యాత్రీ కేఫ్ ప్రారంభమైంది. ప్రారంభంలో అక్కడ టీ 10 రూపాయలు, సమోసా 20 రూపాయలు. బ్యాంకుల షరతుల గురించి వాదించుకునే బదులు, ఇటువంటి కేఫ్ ప్రతి టెర్మినల్‌లోనూ, భద్రతా తనిఖీ దాటిన తరువాత కూడా ఉండాలని మనం అడగాలి. విమానం ఆలస్యమైనప్పుడు, ప్రయాణ వ్యవధిని బట్టి రెండు నుంచి నాలుగు గంటలు దాటితే, విమాన సంస్థే అల్పాహారం ఇవ్వాలని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ఉంది. లాంజ్‌లో తిని కూర్చున్నవారు దాన్ని అడగరు, బయట ఉన్నవారిలో చాలామందికి అది తెలియదు.

శంషాబాద్ ప్రయాణికుడు:
కేఫ్ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. షరతుల విషయంలో నా అభిప్రాయం మారలేదు. లాంజ్‌లో కూర్చున్నవారికి మరో చిక్కు కూడా ఉంది. చాలా విమానాశ్రయాల్లో ఇప్పుడు బోర్డింగ్ ప్రకటనలు వినిపించవు, గేటేమో బయలుదేరే సమయానికి చాలా ముందే మూసేస్తారు. గేటు దూరమైతే పెద్దవారు పరుగెత్తలేరు.

విశాఖ ఉద్యోగిని:
అందుకే గేటు పక్కనే మంచి కుర్చీలు, చవక టీ ఉంటే నేను లాంజ్ వైపు చూడను. అవి వచ్చేదాకా మాత్రం, అరవై ఏళ్లు దాటిన తల్లిదండ్రులతో వచ్చేవారికైనా బ్యాంకులు ఈ ఖర్చు షరతు నుంచి మినహాయింపు ఇవ్వాలి.