స్టిల్టు మీద నాలుగంతస్తులు: గోడల్ని పిల్లర్లు-బీముల ఫ్రేముకు బిగించాలా, సందు వదలాలా?

సైటు_భీమవరం:
కింద పార్కింగు, పైన నాలుగు. ఎత్తు 15 మీటర్లు, వెడల్పు 12. బంకమట్టి, నేల గట్టితనం చూపే ఎన్ విలువ 10 లోపే, అంటే మెత్త నేల. గోడకీ పిల్లరుకీ మధ్య సందు వదలమని డిజైనరు, అక్కర్లేదని మేస్త్రి. ఏం చేద్దాం?

గోదారిగట్టు:
వదలాలి. గోడ బిగిస్తే ఫ్రేము బిర్రవుతుంది, ఊగే కాలం తగ్గి భూకంప బలం పెరుగుతుంది. పైగా గోడ మూల పిల్లరు తల మీద తోసి అడ్డంగా కోసే బలంతో, అంటే షియర్‌లో పగలగొడుతుంది.

లంకమట్టి:
రెండోది నిజం. మొదటిది ఈ మట్టిలో చెల్లదండి. భూకంప డిజైను కోడు ఐఎస్ 1893 (2016) ప్రకారం ఊగే కాలం గోడలుంటే 0.09×15/√12, అంటే 0.39 సెకన్లు, లేకుంటే 0.57. గట్టి నేలైతే భూకంప బలాన్ని లెక్కగట్టే గుణకం 1.75 నుంచి 2.5కి ఎక్కేది. మెత్త నేలకి 0.67 సెకన్ల దాకా 2.5 ఒకటే. సందు వల్ల తగ్గే బలం సున్నా.

అసలు సందెంత? అంతస్తు కదలిక హద్దు ఎత్తులో 0.004, అంటే 3 మీటర్లకు 12 మి.మీ. అది డిజైను బలానికే. గట్టిగా ఊగితే కొన్ని రెట్లు. ఏ పట్టూ లేని నాలుగున్నర అంగుళాల గోడ మనుషుల మీదికే పడుతుంది.

గోదారిగట్టు:
పడకుండా యాంగిల్ క్లిప్పులు, సందులో ఫోము పెట్టాలి. మనవాళ్లు సిమెంటుతో మెత్తేస్తారనుకోండి, అది వేరే గొడవ.

కోనసీమ_కాంక్రీటు:
వేరే గొడవేం కాదు, మెత్తేశాక బిగించిన గోడే! అయినా రోగం కింద ఉంటే పైన మందు రాస్తున్నారు. 2001 భుజ్ భూకంపంలో 200 కిలోమీటర్లకు పైగా దూరానున్న అహ్మదాబాదులో కూలినవాటిలో స్టిల్టు భవనాలే ఎక్కువ. అదీ ఇక్కడిలాగే మూడో భూకంప జోనే, అక్కడా ఒండ్రుమట్టే. పైన గోడలతో బిర్రు, కింద ఉత్త పిల్లర్లు. కదలికంతా ఆ ఒక్క అంతస్తులోనే.

2002 కోడు స్టిల్టు పిల్లర్లను, బీముల్ని 2.5 రెట్ల బలానికి కట్టమంది. 2016 కోడు షియర్ వాల్ (అడ్డ బలాన్ని మోసే కాంక్రీటు గోడ) గానీ బ్రేసింగు (పిల్లర్ల మధ్య ఏటవాలు కట్టు) గానీ అడుగుతుంది. లిఫ్టు చుట్టూ ఒక్క మూలే వేస్తే భవనం మెలితిరుగుతుంది. రెండు దిశల్లో, ఎదురెదురుగా, పునాది నుంచి వెయ్యండి.

సైటు_భీమవరం:
వాచ్‌మన్ గదికి ఒక పక్క సగం గోడే ఉంది, పైన వెంటిలేటరు.

కోనసీమ_కాంక్రీటు:
అయితే సగం గోడ కింది భాగాన్ని పట్టేసి ఆ పిల్లర్లు పొట్టివైపోయి షియర్ లాక్కుంటాయి. గోడ పిల్లరును తాకకుండా కట్టండి. లేదా నిలువు కడ్డీల చుట్టూ వేసే రింగులు పిల్లరు పూర్తి ఎత్తుకీ 100 మి.మీ. మించని దూరంలో, 135 డిగ్రీల కొక్కెంతో. 90 డిగ్రీలకు వంచితే కడ్డీల మీది కాంక్రీటు కవరు రాలగానే విప్పుకుంటాయి.