గుండుమల్లె మొగ్గలు ఊదారంగుకు తిరిగి రాలిపోతున్నాయి, ఏం వాడాలి?

విజయవాడలో మా డాబా మీద కుండీల్లో గుండుమల్లె ఉంది. రెండేళ్ల మొక్కలు, రోజంతా ఎండ తగులుతుంది. జనవరిలో కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, పశువుల ఎరువు వేశాను. మార్చిలో బాగానే పూశాయి. ఏప్రిల్ మొదటి వారం నుంచి మాత్రం మొగ్గ బియ్యపు గింజంత ఉన్నప్పుడే తొడిమ దగ్గర ఊదారంగుకు తిరిగి, విచ్చుకోకుండానే ఎండి రాలిపోతోంది. ఒకదాన్ని గోటితో చీల్చి చూస్తే లోపల సన్నటి తెల్ల పురుగులు కదులుతున్నాయి. ఆకులకు ఏ తెగులూ లేదు, నిగనిగలాడుతున్నాయి.

లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి వారానికోసారి సాయంత్రం కొడుతున్నాను. పాడైన మొగ్గల్ని, కింద రాలినవాటిని కూడా ఏరి పారేస్తున్నాను. పసుపు జిగురు అట్టలు కట్టాను. వాటికి చిన్న ఈగలు అంటుకుంటున్నాయి గానీ కొత్త మొగ్గలూ అలాగే అవుతున్నాయి.

వచ్చే వారం అక్క, పిల్లలు వస్తున్నారు, నెలంతా ఉంటారు. సాయంత్రాలు అందరం కూర్చుని మొగ్గలు మాల కట్టుకోవడం వేసవిలో మాకు అన్నిటికన్నా ఇష్టం, అందుకే ఇంత టెన్షన్. ఆ పూలు పిల్లల జడల్లోకే కాబట్టి ఘాటైన రసాయన మందులు వద్దనుకుంటున్నాను.

కుండీ మల్లెకు ఈ మొగ్గ పురుగును వదిలించినవాళ్లు ఏం వాడారు, ఎన్ని రోజులకోసారి?