థింసా వరుసలోకి మనం దిగొచ్చా, తాడు ఇవతలే నిలబడాలా?

ప్రశ్న పెట్టినవారు: సెమిలిగుడ వైపు టీచరు

మా తాత పార్వతీపురం నుంచి కిరాణా వ్యాపారానికి ఇటొచ్చాడు. మూడు తరాలుగా ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలోనే ఉన్నాం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో దేశియా.

కిందటి చలికాలం మా దగ్గర జరిగిన ఉత్సవంలో థింసా, అంటే ఇక్కడి గిరిజనులు వరుస కట్టి ఆడే ఆట, పెట్టారు. మైదానం చుట్టూ వెదురు గుంజలు పాతి నైలాన్ తాడు కట్టారు. లోపల ఒకే రంగు చీరల్లో 16 మంది, బయట కుర్చీల్లో మేము. మోరి (ఊదే వాద్యం) అందుకోగానే నా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ బుట్ట కింద పెట్టి లేచింది. సంతలో అల్లం, పసుపు అమ్ముకుంటుంది. అప్పటికే కాళ్లు కదులుతున్నాయి. తాడు దగ్గర కుర్రాడు ఆపి "టీములో పేరుందా?" అని అడిగాడు. ఆవిడ మాట్లాడలేదు. తాడు పట్టుకుని, ఆట అయ్యేదాకా మడమలు ఎత్తి దించుతూ అక్కడే నిలబడింది. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఈసారి కమిటీలో నన్నూ వేశారు. ఆదివారం మీటింగు. తాడు తీసేయమని అడుగుదామనుకుంటున్నాను. ఒక ఊరివాళ్లు పక్క ఊరికి పోయి, అక్కడివాళ్లతో కలిసి ఆడి, కలిసి భోంచేసి వచ్చే ఆనవాయితీని ఇక్కడ ‘సంకిడి కెల్‌బార్’ అంటారు. కలిసి తినడం దాకా ఉన్న ఆటకి తాడెందుకు? మీరేమంటారు?

జయపురం నుంచి, బట్టల కొట్టు

మాస్టారూ, మీ బాధ అర్థమైంది. కానీ నేను రెండేళ్లు ఆ తాడు దగ్గరే కాపలా ఉన్నాను. తాగి వచ్చిన కుర్రాళ్లు రీల్స్ తీసుకోడానికి వరుస మధ్యలో దూరుతారు. థింసాలో పక్కవాళ్ల వీపు వెనక నుంచి చెయ్యి పోనిచ్చి నడుము దగ్గర పట్టుకోవాలి కదా. ఆ చెయ్యి ఎవరిదన్నది ఆడపిల్లలకి ముఖ్యం. ఒక పిల్ల ఆట మధ్యలో వరుస వదిలి గుడారంలోకి పోయి కూర్చుంది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ పిల్ల కోసం తాడు ఉండాలి.

ఇంకో మాట. స్టేజీ అంటే అంత చిన్నచూపు వద్దు. 1996లో ‘పరబ్’ పేరుతో జిల్లా ఉత్సవం మొదలయ్యాక టౌనులో పెరిగిన మా పిల్లలు థింసా చూసింది దాంట్లోనే. ఒడియావాళ్లు ఢెంసా అంటారు, మా ఇంట్లోనూ అదే అలవాటైంది.

అరకు నుంచి

మా వైపు తాడు లేదు, వచ్చి చూడండి. హోటళ్ల ముందు రాత్రి మంట వేస్తారు, డప్పు మోగుతుంది, టూరిస్టులు ఎవరైనా దిగొచ్చు. ఫలితం ఏమైంది? కొత్తవాళ్లకి వీలుగా ఉండాలని ఒకే అడుగు, ఒకే చుట్టు, పది నిమిషాలు. థింసాలో చాలా రకాలున్నాయి. బొడ థింసా గ్రామదేవత కోసం ఆడేది. మగవాళ్లు కుడి వైపు, ఆడవాళ్లు ఎడమ వైపు వరుస కడతారు, ముందున్నవాడి చేతిలో నెమలి ఈకల కట్ట ఉంటుంది, పాములా మెలికలు తిరుగుతూ పోతారు. గొడ్డి బేటలో ముందుకు వంగి, ఊగుతూ లేచి, 25 అడుగులు పోయి అలాగే వెనక్కి రావాలి, అదీ నాలుగైదు సార్లు. పొతర్ తోలలో ఆకు కోసే పని కనబడుతుంది, బాగ్ థింసాలో పులినుంచి తప్పించుకోవడం. మంట చుట్టూ ఇవేవీ లేవు. అందర్నీ రానిస్తే ఆట బతుకుతుందని నేనూ ఒకప్పుడు వాదించాను. ఇప్పుడు ఆ మాట అనలేను.

నందపూర్ వైపు నుంచి, ఆడేవాళ్లలో ఒకదాన్ని

విశాఖలో నాలుగేళ్లు పనిచేశాను, తెలుగు అక్కడే వచ్చింది. తప్పులుంటే ఏమనుకోకండి.

తాడు ఉండాలా వద్దా అని మీలో మీరే మాట్లాడుకుంటున్నారు. ఆడేది మేము. మమ్మల్ని ఏ కమిటీ అడగలేదు.

మా ఊళ్లో చైత్ పరబ్‌కి, అంటే చైత్రమాసం పండక్కి, చుట్టాలొస్తారు, పక్క ఊరివాళ్లొస్తారు. ఎవరినీ ఆపం. అలాగని ఎవరూ మధ్యలో దూరరు. కొత్తగా వచ్చినవాళ్లు వరుస తోకన, అంటే చివర, చేరతారు. తోకన ఉన్నవాడు తడబడితే వరుస తెగదు, మధ్యలో ఉన్నవాడు తడబడితే అందరి కాళ్లూ తప్పుతాయి. అడుగు కుదిరాక పక్కామె తనే కాస్త జరిగి లోపలికి లాక్కుంటుంది. నేను ఏడేళ్లప్పుడు తోకన మొదలుపెట్టాను, లోపలికి రావడానికి రెండు పండగలు పట్టింది. మగవాళ్లలో ఎవరు ఎవరి పక్కన నిలబడాలో మా పెద్దమ్మలు చూసుకుంటారు. ఒకసారి తాగి వచ్చినవాణ్ణి మా పెద్దమ్మ చెయ్యి పట్టి తీసుకుపోయి చెట్టు కింద కూర్చోబెట్టింది, అంతే, మళ్లీ లేవలేదు. మైదానంలో మాకు పెద్దమ్మలు ఉండరు, టీముకి వయసు రూలు పెట్టారు కాబట్టి. మీ అల్లం ఆవిడని ఆపింది కూడా ఆ రూలే అయ్యుంటుంది.

జయపురం అన్నయ్యా, గుడారంలోకి పోయిన పిల్ల సంగతి రాశారు, అందుకు మీ మీద గౌరవం ఉంది. కానీ తాడుకి చూసే కళ్లు లేవు.

మోరి ఊదేవాళ్లు, కిరిడి, తుడుం డప్పులు వాయించేవాళ్ల మాట మీలో ఎవరూ ఎత్తలేదు. మోరి ఊదేవాడు మా కాళ్లు చూసి ఊదుతాడు, మేము అలిసిపోతే తగ్గిస్తాడు. మైదానంలో ఎనిమిది నిమిషాలకే టైమైపోయిందని గంట కొడితే ఆయన వేడెక్కకముందే అయిపోతుంది. మాకు శాలువాలు కప్పారు, ఆయన్ని స్టేజీ మీదికి పిలవలేదు.

సెమిలిగుడ వైపు టీచరు

అమ్మా, పొరపాటు నాదే. ఆవిడ ముఖమే కళ్లముందు ఉండి, తాడు తీసేస్తే చాలనుకున్నాను. ఆదివారం నేను అడగబోయేవి మారాయి. టీములో వయసు రూలు తీసేసి, ఊరి పెద్దమ్మల్ని కూడా పిలవాలి, వాళ్లకీ దారి ఖర్చు, భోజనం ఇవ్వాలి. థింసాకి గంటన్నర కేటాయించాలి. మొదటి గంట వచ్చిన ఊళ్లవాళ్లే ఆడుకోవాలి, తరవాత పెద్దమ్మలు సరేనంటేనే బయటివాళ్లు, అదీ తోకనే. మోరి ఆయనకి ముందు పిలుపు. మీ ఊరివాళ్లని మీటింగుకే రమ్మనమని అడుగుతాను, వస్తారా?

జయపురం నుంచి, బట్టల కొట్టు

పెద్దమ్మల సంగతి నాకు తట్టలేదు, బాగుంది. అయినా తాడు ఈ ఏడాదికి ఉంచండి మాస్టారూ. ఊళ్లో 60 మంది, అందరూ అందరికీ తెలుసు. మైదానంలో వేలమంది, చీకటి, ఎవరు ఎక్కణ్ణుంచి వచ్చారో తెలీదు. పెద్దమ్మ చెయ్యి పట్టుకుంటే వినేవాళ్లు ఊరివాళ్లు, టౌను తాగుబోతు వింటాడా? ఒక పక్క తాడు విప్పి దారి ఉంచండి, అక్కడ నేను నిలబడతాను.

నందపూర్ వైపు నుంచి

మీటింగుకి నేను, మా పెద్దమ్మ వస్తాం. ఆవిడకి తెలుగు రాదు, దేశియాలో అడగండి. దారి ఎటు వైపు ఉంచాలో ఆవిడే చూపిస్తుంది. అల్లం ఆవిడ ఏ ఊరామో కనుక్కుని ఉంచండి మాస్టారూ. మా వైపామె అయితే పెద్దమ్మకి తెలిసే ఉంటుంది.