రివాల్వర్ కిందికి, ఎడమకి కొడుతోంది. ముందు సైట్ అరగదీయాలా?

ప్రశ్న

నాది .357 మాగ్నమ్ రివాల్వర్, నాలుగంగుళాల గొట్టం. సైట్లు, అంటే గురి చూసుకునే ముక్కలు, కదిలేవి కావు. ముందు గొట్టం మీదే ఉన్న రెక్క, వెనక ఫ్రేములోనే కోసిన గాడి, అంతే. రేంజిలో 15 మీటర్ల నుంచి 125 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు, దాదాపు 8 గ్రాములు) మాగ్నమ్ తూటాలు కాల్చాను. నడిమధ్యకి గురిపెడితే 8 సెంటీమీటర్లు కింద, 4 సెంటీమీటర్లు ఎడమకి పడుతున్నాయి. చెదిరిపోవడం లేదు, అన్నీ అరచెయ్యి మూసేంత చోటులోనే. రెక్క ఎంత అరగదీస్తే సరిపోతుంది? ఆకురాయి కొనిపెట్టుకున్నాను.

జవాబు

ఆ ఆకురాయి డ్రాయర్లో పెట్టి తాళం వేయండి సార్. అరగదీసిన ఇనుము మళ్లీ పెరగదు. తూటా మాత్రం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

125 గ్రెయిన్ల మాగ్నమ్ అంటే తేలికైన బుల్లెట్, మంచి వేగం. రివాల్వర్‌లో అది కిందికి కొట్టడమే సహజం. రైఫిల్ అలవాటున్నవాళ్లకి ఇది తలకిందులుగా కనిపిస్తుంది, "వేగంగా పోయేది పైన కదా తగలాలి" అంటారు. మందు అంటుకున్న క్షణం నుంచే చేతిలో తుపాకీ వెనక్కి తన్నుతూ మూతి పైకి లేస్తుంటుంది. బుల్లెట్ ఆ గొట్టంలో ఉండేది సెకనులో వెయ్యో వంతుకి అటూ ఇటూ. బరువైనది, నెమ్మదిగా పోయేది ఇంకాస్త ఎక్కువసేపు లోపల ఉంటుంది కాబట్టి మూతి ఇంకాస్త లేచాక బయటపడుతుంది, పైన తగులుతుంది. తేలికది ముందే దూకేస్తుంది, కింద తగులుతుంది. పిస్టల్ దూరాల్లో గాలిలో జారే కాస్త జారుడు కన్నా ఈ లేపుడే పెద్దది.

నమ్మకం కలగకపోతే సిలిండర్ తెరిచి, ఆరు గదులూ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, రివాల్వర్‌ని పక్కనుంచి చూడండి. గొట్టం మధ్యరేఖ నుంచి కొలిస్తే ముందు రెక్క వెనక గాడికన్నా ఎత్తుగా ఉంటుంది. అంటే గురి కుదిరినప్పుడు గొట్టం నిజానికి కొంచెం నేలచూపు చూస్తుంటుంది. తయారుచేసినవాళ్లు ఆ లేపుడుని లెక్కలో వేసే అలా పెట్టారు.

కదలని సైట్లున్న ఈ తరహా రివాల్వర్లని చాలావరకు 158 గ్రెయిన్ల బుల్లెట్‌కి సరిపోయేలా అమర్చుతారు. ముందు అది కాల్చి చూడండి. .38 స్పెషల్ అనే పొట్టి తూటా, 158 గ్రెయిన్లది, మీ తుపాకీలో నిక్షేపంగా పడుతుంది. తిరగేసి, అంటే .38 తుపాకీలో మాగ్నమ్ వేయడం మాత్రం కుదరదు, మాగ్నమ్ కేసు (తూటా లోహపు తొడుగు) 3 మిల్లీమీటర్ల పైనే ఎక్కువ పొడవు. .38 కాల్చిన తర్వాత గదుల్లో మసి వలయం కడుతుంది, దాన్ని బ్రష్షుతో శుభ్రం చేయకపోతే తర్వాత మాగ్నమ్ తూటాలు బిగుసుకుంటాయి.

ఇంకో సభ్యుడు

పైన చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఒకే కాగితం మీద పడ్డ ఒక గుంపు దెబ్బలతో తీర్పు చెప్పకండి. ఆరేసి చొప్పున మూడు కాగితాలు కాల్చి, మూడింటి మధ్యబిందువు తీసుకోండి. చేతుల కింద ఇసుక సంచి పెట్టుకోండి, గొట్టం మాత్రం దేనికీ ఆనకూడదు. గట్టి చెక్కకి ఆనిస్తే తుపాకీ ఎగిరి పడి లెక్క మారిపోతుంది. సుత్తి వెనక్కి లాగి సింగిల్ యాక్షన్‌లో కాల్చండి. గదులకి మార్కరుతో అంకెలు వేసుకుంటే ఏదైనా ఒక గది అల్లరి చేస్తున్నా బయటపడుతుంది.

ఇక ఎడమ సంగతి. మీరు కుడిచేతివాళ్లయితే ఆ 4 సెంటీమీటర్లలో ఎంత తుపాకీదో ఎంత మీ వేలిదో తేలాలి. పక్కనున్నవాళ్లని మీరు చూడకుండా సిలిండర్ నింపమనండి, మధ్యలో రెండు కాల్చేసిన ఖాళీ కేసులు పెట్టి. ఖాళీ కేసు వచ్చినప్పుడు శబ్దం ఉండదు, కానీ ముందు రెక్క ఎటు వాలిందో కళ్లారా కనబడుతుంది. నాకు మొదటిసారి చూసినప్పుడు సిగ్గేసింది.

ప్రశ్న అడిగినాయన

చేశాను అన్నా. ఖాళీ కేసు దగ్గర రెక్క చక్కగా ఎడమ కిందికి ముక్కు దించింది! రెండు వారాలు ఖాళీ తుపాకీతో ట్రిగ్గర్ నొక్కడం సాధన చేసి, 158 గ్రెయిన్ల .38తో మళ్లీ కాల్చాను. ఇప్పుడు 2 సెంటీమీటర్లు కింద, ఒక సెంటీమీటరు ఎడమ. 8 నుంచి 2కి వచ్చింది. ఈ రెండు సెంటీమీటర్లకైనా ఆకురాయి తియ్యొచ్చా?

జవాబు

ఇప్పుడు తియ్యొచ్చు, కానీ ఇకమీద ఇదే తూటా వాడతానని ఖాయం చేసుకున్నాకే. లెక్క తేలికే. ఎంత తేడా వచ్చిందో దాన్ని రెండు సైట్ల మధ్య దూరంతో గుణించి, టార్గెట్ దూరంతో భాగించండి. మీ రివాల్వర్‌కి సైట్ల మధ్య దూరం 150 మిల్లీమీటర్లనుకుంటే: 20 ఇంటూ 150, బై 15,000. వచ్చేది 0.2 మిల్లీమీటర్లు. మొదట్లో ఉన్న 8 సెంటీమీటర్లకే అరగదీసి ఉంటే 0.8 మిల్లీమీటర్లు పోయేది. ఆ తర్వాత 158 కాలిస్తే 6 సెంటీమీటర్లు పైకి కొట్టేది, అప్పుడు కొత్త రెక్క వేయించుకోవాల్సిందే.

తుపాకీ ఖాళీ చేసి, రెక్క చుట్టూ ఇనుముకి టేపు చుట్టండి. సన్నపళ్ల ఆకురాయితో ఒకే దిక్కున, పైభాగం చదునుగా ఉండేలా నాలుగైదు గీతలు, కాలిపర్‌తో కొలత, రేంజిలో ఆరు తూటాలు, మళ్లీ గీతలు. 0.1 దగ్గర ఒకసారి ఆగి కాల్చండి. నేనైతే అర సెంటీమీటరు కిందే వదిలేస్తాను. మెరుస్తున్న చోట కోల్డ్ బ్లూ (ఇనుముని నల్లబరిచే ద్రవం) రాస్తే సరి, లేదంటే ఎండలో రెక్క తళతళమని గురే కుదరదు. ఎడమ ఒక సెంటీమీటరు వదిలేయండి. ఎక్కువుంటే గాడి కుడి అంచుని కాస్త వెడల్పు చేయించవచ్చు, లేదా గొట్టాన్ని ఫ్రేములో వెంట్రుకవాసి తిప్పించవచ్చు. రెండోది ఆర్మరర్ (తుపాకులు బాగుచేసేవాడు) పని, వైసు పట్టి మీరు చేయకండి.

కొత్తగా వచ్చిన సభ్యుడు

నాకు వెనక సైట్‌కి స్క్రూలున్నాయి. ఎటు తిప్పాలో ఎప్పుడూ తికమకే.

జవాబు

వెనక సైట్‌ని దెబ్బ ఎటు వెళ్లాలో అటు జరపండి. ముందుది దానికి వ్యతిరేకం. స్క్రూ ఎటు తిప్పినా వెనక సైట్ పలక ఎటు కదిలిందో కంటితో చూసుకోండి. ఒక క్లిక్కుకి ఎంత జరుగుతుందో మీ తుపాకీలోనే కాల్చి రాసుకోండి.

తూటాలు సొంతంగా నింపేవాళ్లకి ఒక మాట: దెబ్బ పైకి కిందికి జరపాలని మందు ఇష్టమొచ్చినట్టు మార్చకండి. పుస్తకంలో ఇచ్చిన గరిష్ఠం దాటితే గది పగులుతుంది. కనిష్ఠం కన్నా తగ్గిస్తే బుల్లెట్ గొట్టంలోనే ఇరుక్కుంటుంది, తెలియక వెనకే రెండోది కాలిస్తే గొట్టం పోతుంది. బుల్లెట్ బరువు మార్చడమే నిమ్మళమైన దారి.

ప్రశ్న అడిగినాయన

పని అయింది. 0.15 మిల్లీమీటర్లు తీశాను, మధ్యకి కాస్త కిందగా పడుతోంది, చాలు. కానీ ఒక వింత. అదే తుపాకీ, అదే తూటా, మా తమ్ముడు కాలిస్తే 3 సెంటీమీటర్లు పైన పడుతున్నాయి. అతనికోసం మళ్లీ ఏమైనా చెయ్యాలా?

జవాబు

అతని పట్టు వదులుగా ఉంది, మూతి ఎక్కువ లేస్తోంది. తుపాకీ జోలికి పోకండి. పిడి ఇంకొంచెం గట్టిగా, పైకి జరిపి పట్టమనండి.