హైదరాబాద్‌లో కూర్చుని క్లాసికల్ చెస్ టోర్నమెంట్ లైవ్: ఎప్పుడు చూడాలి, బార్‌ని ఎంత నమ్మాలి?

కూకట్‌పల్లి బంటు:
మన చెస్ ఆటగాడు అర్జున్ ఎరిగైసి ఆడుతున్నాడంటే వదలబుద్ధి కాదు. కానీ ఒక్కో గేమ్ ఐదు గంటలు, పొద్దున్నే ఆఫీసు. ఏ టైమ్‌లో కూర్చుంటే అసలు ఆట దొరుకుతుంది? ఇంకోటి, బోర్డు పక్కనుండే బార్ (ఎవరిది పైచేయో కంప్యూటర్ ఇంజిన్ వేసే అంచనా; ప్లస్ అంటే తెల్లపావులది) ప్లస్ 2 చూపించి రెండు ఎత్తుల్లో సున్నాకి పడిపోతుంది. దాన్ని నమ్మొచ్చా?

నల్ల ఏనుగు:
ముందు టైమ్ కంట్రోల్ చూడండి. టొరంటోలో జరిగిన 2024 క్యాండిడేట్స్‌లో (ప్రపంచ చాంపియన్‌కి పోటీదారుని తేల్చే టోర్నమెంట్) 40 ఎత్తులకి ఒక్కొక్కరికి 120 నిమిషాలు, ఎత్తుకి 30 సెకన్లు కలిసేది 41వ ఎత్తు నుంచే. అంటే 40వ ఎత్తు నాలుగు గంటల్లోపు పడి తీరాలి. తప్పులన్నీ 30కీ 40కీ మధ్య, గడియారం తరుముతున్నప్పుడే జరుగుతాయి. అందుకే మొదలైన మూడు గంటలకి కూర్చోండి. టొరంటోలో మధ్యాహ్నం రెండున్నర అంటే మనకి అర్ధరాత్రి పన్నెండు, కాబట్టి మూడింటికి అలారం. జనవరిలో నెదర్లాండ్స్‌లో జరిగే వైక్ ఆన్ జే టోర్నమెంట్ అయితే హాయి: మనకి సాయంత్రం ఆరున్నరకి మొదలు, రాత్రి భోంచేసి తొమ్మిదిన్నరకి చూడొచ్చు. చివరి రౌండ్ మాత్రం రెండు గంటల ముందే మొదలెడతారు, మర్చిపోకండి. మార్చి ఆఖరి ఆదివారం యూరప్‌లో గడియారాలు గంట ముందుకి జరుపుతారు. పాత టైమ్‌కి అలారం ఉంచేస్తే ఆ వారం నుంచి మొదటి గంట పోయినట్టే.

మల్కాజిగిరి మంత్రి:
బార్ గురించి: అంకె ఒక్కటే చూస్తే మోసపోతారు. లీచెస్ అనే చెస్ సైట్‌లో ఇంజిన్ లైన్లు (అది సూచించే ఎత్తుల వరుసలు) మూడుకి పెట్టండి. మూడింటికీ ప్లస్ 2 ఉంటే తెల్లపావులది నిజమైన పైచేయి. ఒక్కదానికే ప్లస్ 2, మిగతా రెండూ సున్నా అయితే గెలుపు ఆ ఒక్క ఎత్తు మీదే ఉంది, రెండు నిమిషాలే మిగిలిన మనిషికి అది కనపడకపోవచ్చు. 2024 టొరంటో చివరి రౌండ్‌లో నెపోమ్నియాచి మీద కరువానా గెలిచే స్థితి చేజార్చుకుని డ్రా చేసుకున్నాడు. గెలిచుంటే 9 పాయింట్లతో గుకేశ్‌కి సమానమై అతనితో టైబ్రేక్ ఆడేవాడు. ఆ రాత్రి బార్ ఎన్నిసార్లు ఊగిందో చూసినవాళ్లకి తెలుసు!

ఫోన్‌లో ఇంజిన్ మొదట చూపించే అంకె పచ్చిది. డెప్త్ (ఇంజిన్ ఎంత లోతుగా ముందుకి చూసిందో చెప్పే అంకె) 20 దాటేదాకా ఆగండి. రాజులతో కలిపి ఏడు పావులే మిగిలితే ఇంజిన్‌తో పనిలేదు, టేబుల్‌బేస్ (అలాంటి స్థితులన్నిటికీ ముందే లెక్కగట్టి ఉంచిన పట్టిక) తెరవండి, అది చెప్పేది అంచనా కాదు, కచ్చితమైన ఫలితం.

నల్ల ఏనుగు:
ఇంకొకటి. గేమ్ చివర్లో రాజు ఉన్నట్టుండి బోర్డు మధ్యకి దూకితే కంగారు పడకండి, అది ఎత్తు కాదు. ఎలక్ట్రానిక్ బోర్డుకి ఫలితం తెలపడానికి రాజుల్ని మధ్య గడుల్లో పెడతారు. రెండూ తెల్ల గడుల్లో ఉంటే తెల్లపావుల గెలుపు, నల్ల గడుల్లో ఉంటే నల్లపావుల గెలుపు, చెరో రంగులో ఉంటే డ్రా. ఒక్కోసారి అది కూడా ఎత్తుగా నమోదవుతుంది. గేమ్ దాచుకునేటప్పుడు ఆ చివరి ఎత్తు తీసేయండి.

కూకట్‌పల్లి బంటు:
చాలా థాంక్స్ అండీ. ఆ మూడు లైన్లు ఎక్కడ మార్చాలి?

మల్కాజిగిరి మంత్రి:
ఇంజిన్ ఆన్ చేశాక దాని పక్కనే గేర్ గుర్తు ఉంటుంది, అందులోనే.