లెటర్‌ప్రెస్ శుభలేఖలు: వంద కార్డులకు నాలుగు రోజులు పట్టింది, ధర ఎలా కట్టాలి?

కొత్త ట్రెడిల్:
లెటర్‌ప్రెస్ అంటే ఉబ్బెత్తు అక్షరాలకు ఇంక్ పూసి కాగితం మీద నొక్కే పాతకాలం అచ్చు. దానికోసం పాత ప్లాటెన్ ప్రెస్ (చదునైన పలకతో కాగితాన్ని అక్షరాల మీదికి నొక్కే మెషిన్) ఒకటి కొని ఏడాదైంది. నోట్ కార్డులు, లెటర్‌హెడ్‌లు చేస్తూ ఇప్పుడు శుభలేఖల్లోకి దిగాను. మొన్న వచ్చిన ఆర్డర్ 100 శుభలేఖలు, రెండు రంగులు, వాటితో పాటు ఒక రంగులో జవాబు కార్డు, కవరు మీద అడ్రసు. నాలుగు రోజులు పట్టింది. కాగితం, ప్లేట్ల (అచ్చు పడాల్సిన అక్షరాలు ఉబ్బెత్తుగా ఉండే పలకలు) ఖర్చు పోగా చేతికి దాదాపు ఏమీ మిగల్లేదు. కార్డులు మాత్రం చాలా బాగా వచ్చాయి, వేలితో తడిమితే అక్షరం తెలుస్తోంది. ఈ పని వదలాలని లేదు. మీరంతా ధర ఎలా కడుతున్నారు? ఎక్కడెక్కడ నష్టపోయారు?

సిరాచేతులు:
కార్డుకి ఇంత అని చెప్పి ఉంటారు. నేనూ మొదటి రెండేళ్లు అలాగే చెప్పాను. ఈ పనిలో ఆ లెక్క నిలవదు. అచ్చు వేసే టైమ్ తక్కువ, వేయడానికి సిద్ధం చేసే టైమ్ ఎక్కువ. ప్లేటును బేస్ అనే దిమ్మ మీద అతికించాలి, ఛేజ్ అనే ఇనప చట్రంలో బిగించాలి, కార్డు ప్రతిసారీ ఒకే చోట ఆనేలా గేజ్ పిన్‌లు సరిచేయాలి, కార్డు వెనక ఉండే కాగితాల ప్యాకింగ్ ఒక్కో పొర వేస్తూ తీస్తూ చూడాలి, రంగు కలపాలి, చివర్లో రోలర్లు కడగాలి. 100 కార్డులైనా 300 అయినా ఇదంతా ఒకటే. రంగు మారితే మళ్లీ మొదటి నుంచి. మీ ఆర్డర్‌లో శుభలేఖకు రెండు, జవాబు కార్డుకు ఒకటి, కవరుకు ఒకటి, మొత్తం నాలుగు సెటప్‌లు. నాలుగు రోజులూ అందులోనే పోయాయి.

నేను ఇప్పుడు ధర రెండు భాగాలుగా రాసి ఇస్తాను. ఒక్కో రంగుకు ప్లేటు, సెటప్ ఛార్జ్ ఒక భాగం, ఇది కార్డుల సంఖ్యతో మారదు. కాగితం, అచ్చు కూలి రెండో భాగం, ఇది సంఖ్యను బట్టి పెరుగుతుంది. ఇలా విడదీసి చూపిస్తే చాలామంది వాళ్లంతట వాళ్లే రెండో రంగు వద్దనుకుంటారు, లేదంటే కార్డులు పెంచుతారు. సగం డబ్బు ముందే తీసుకుంటాను, మిగతాది కార్డులు ఇచ్చే ముందు.

వచ్చే మూడు ఆర్డర్లకు గడియారం చూసి టైమ్ రాసుకోండి. ఫోన్లు, డిజైన్ మార్పులు, కటింగ్, కవర్లలో సర్దడం, అన్నీ. నేను రాసుకున్నప్పుడు మెషిన్ దగ్గర నిలబడ్డ టైమ్ మొత్తంలో సగం కూడా లేదని తేలింది.

రోలర్ రైల్:
కాగితం సరిగ్గా 100 కార్డులకే కొన్నారా? నేను రెండు రంగులకు 100 కావాలంటే 125 కోస్తాను. మొదటి కొన్ని షీట్లు ఇంక్ సరిచూడటానికే పోతాయి. రెండో రంగు మొదటి దానిమీద సరిగ్గా కూర్చునేదాకా ఇంకొన్ని పోతాయి. కాటన్ కాగితం మధ్యలో అయిపోతే కొత్త కట్టలో తెలుపు కొంచెం తేడాగా రావచ్చు, పక్కన పెడితే కనబడుతుంది. కవర్లు ఇంకా ఎక్కువ తీసుకోండి. అతుకులు ఉన్నచోట మందం మారి అక్షరం ఒకవైపు గట్టిగా, ఒకవైపు పల్చగా పడుతుంది. నేను ఫ్లాప్ తెరిచిపెట్టి, అతుకు రాని చోటే అడ్రసు వేస్తాను.

ప్రూఫ్ చూశారా:
నా పెద్ద నష్టం చెబుతాను. తేదీ సరిగ్గా ఉంది, వారం తప్పు. డిజైన్ చేసిన నేను చూడలేదు, వాళ్లింట్లో నలుగురు చదివి ఓకే అన్నారు, అదీ ఫోన్‌లో. 300 కార్డులు మళ్లీ నా ఖర్చుతో వేశాను. కొత్త ప్లేటు వచ్చేదాకా రెండు రాత్రులు నిద్ర లేదు, అంత టెన్షన్. అప్పటినుంచి ప్రూఫ్ (అచ్చుకు ముందు చూపించే నమూనా) మీద రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ప్లేటుకు పంపుతాను. తేదీని క్యాలెండర్ పక్కన పెట్టి నేనే చూస్తాను. పేర్లు టైప్ చేయను, వాళ్లు పంపినవి అలాగే కాపీ చేస్తాను.

తెలుగు కార్డులు చేసేవాళ్లకు ఇంకొకటి. ఫైల్ పంపే ముందు అక్షరాలన్నీ కర్వ్స్‌లోకి (ఫాంట్ అవసరం లేని గీతల బొమ్మగా) మార్చండి. ఒకసారి మర్చిపోతే అవతలి కంప్యూటర్‌లో ఫాంట్ మారి వత్తులు విడిపోయాయి, ప్లేటు అలాగే తయారై వచ్చింది. చిన్న సైజులో వత్తుల మధ్య ఖాళీలు ఇంక్‌తో పూడుకుపోతాయి కూడా. అక్షరం కాస్త పెద్దది పెట్టి, ఇంక్ తగ్గించి వేయండి.

కేసు దగ్గర:
నేను పాత ప్రెస్‌లో కంపోజింగ్ (సీసం అక్షరాలు పేర్చే పని) నేర్చుకున్నవాణ్ని. కాగితం వెనకవైపు అక్షరం పొంగితే మాకు చీవాట్లు పడేవి. అక్షరం కాగితాన్ని తాకీ తాకనట్టు ఉండాలనేవారు. ఇప్పుడు అందరూ అడిగేది అక్షరం కాగితంలోకి దిగిన లోతే. అడగడం తప్పు కాదు, కానీ సీసం టైపుతో ఆ లోతు కోసం నొక్కకండి. సీసం, తగరం, యాంటిమొనీ కలిపి పోసిన అక్షరం మెత్తన, సన్న గీతలు ముందు అరిగిపోతాయి. లోతుకు పాలిమర్ (ఒక రకం ప్లాస్టిక్) ప్లేటు వాడండి. బేస్‌తో కలిపి ఎత్తు 0.918 అంగుళాలు రావాలి, అది టైపు (సీసం అక్షరం) ఎత్తు.

సిరాచేతులు:
కేసు దగ్గర గారు చెప్పింది నిజం. అయితే లోతు ప్లేటు ఒక్కదానివల్లే రాదు, కాగితం వల్ల కూడా వస్తుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే లెక్క) మెత్తటి కాటన్ కాగితంలో దిగినట్టు గట్టి ఆర్ట్ కార్డులో దిగదు. రెండు వైపులా అచ్చు కావాలంటే 600 జీఎస్ఎం అయితే వెనక పొంగు కనబడదు. ముదురు రంగు కాగితం మీద లేత ఇంక్ మాత్రం ఒప్పుకోకండి. ఈ ఇంక్ కింది రంగును కప్పదు. అలాంటివాళ్లకు ఫాయిల్ (వేడితో అంటించే మెరుపు రేకు) చేయించుకోమని చెప్పేస్తాను.

రోలర్ రైల్:
రోలర్లు ఒక సెట్టు అదనంగా ఉంచుకోండి. ఈ ప్రెస్‌లు ఇప్పుడు పాతవే దొరుకుతాయి: చాండ్లర్ అండ్ ప్రైస్ కంపెనీ ప్రెస్‌ల తయారీ 1964లో, హైడెల్‌బర్గ్ విండ్‌మిల్ అనే ప్రెస్ తయారీ 1985లో ఆగిపోయాయి. ఆర్డర్ మధ్యలో రోలర్ చీలితే ఆ రోజే దొరకదు. ఇంక్ తుడిచిన నూనె గుడ్డలు కుప్పగా వదలొద్దు, వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు. మూత ఉన్న ఇనప డబ్బాలో వేయండి. చేతికి అందని కార్డు కోసం ప్లాటెన్ మూసుకునేటప్పుడు చెయ్యి పెట్టకండి, పోనివ్వండి ఆ కార్డు.

కొత్త ట్రెడిల్:
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న కొత్త ఆర్డర్ వచ్చింది, మీరు చెప్పినట్టే రెండు భాగాలుగా రాసి ఇచ్చాను. ఒకే రంగుకు ఒప్పుకున్నారు, కార్డులు 150కి పెంచారు. శుభలేఖ, జవాబు కార్డు ఒకే షీటు మీద పక్కపక్కన వేసి తర్వాత కోయవచ్చా?

సిరాచేతులు:
వేయవచ్చు, ఒక సెటప్ మిగులుతుంది. కానీ నొక్కాల్సిన విస్తీర్ణం పెరుగుతుంది, చిన్న ప్లాటెన్‌కు అంత బలం ఉండదు, లోతు తగ్గుతుంది. ముందు రెండు కార్డులూ కలిపి ఒక షీటు వేసి వాళ్లకు చూపించండి.

కొత్త ట్రెడిల్:
చూపించి అడుగుతాను. ప్రూఫ్ ఇప్పుడు వాళ్ల దగ్గర ఉంది. సంతకం వచ్చాకే ప్లేటుకు పంపుతాను.